ఫొటోకు జిగురు తగలని ఆల్బం

మా అమ్మానాయనల పెళ్లి 1988లో పెన్నహోబిలంలో జరిగింది. ఉరవకొండ చుట్టుపక్కల ఊళ్లలో చాలా కుటుంబాలు ఆ లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలోనే పిల్లల పెళ్లిళ్లు చేస్తాయి. ఆ పెళ్లి ఫొటోలన్నీ ఒక జిగురు పేజీల ఆల్బంలో ఉండేవి. మందపాటి అట్ట పేజీ, దాని మీద సన్నటి జిగురు గీతలు, పైన ప్లాస్టిక్ పొర. పొర లేపి ఫొటో పెట్టి మళ్లీ మూసేస్తే పని అయిపోయినట్టే. ఆ రోజుల్లో పెళ్లయిన చాలామంది ఇళ్లలో, బీరువాలో పట్టుచీరల కింద ఇలాంటిది ఒకటి ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి.

మాది తీసి చూస్తే పేజీలు పచ్చబడి ఉన్నాయి. జిగురు గీతలు కొన్నిచోట్ల గోధుమరంగు చారలై ఫొటో వెనకవైపుకు దిగాయి. ప్లాస్టిక్ పొర కొన్ని ఫొటోల మొహాలకు అతుక్కుపోయి, లాగితే రంగు కూడా ఊడి వచ్చేలా ఉంది. అట్టలో ఉండే ఆమ్లం, జిగురు, ప్లాస్టిక్ మూడూ కలిసి ఏళ్ల తరబడి ఫొటోను తినేస్తాయి. మా అనంతపురంలో వానలు తక్కువ, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బూజు బాధ పెద్దగా లేదు. కానీ ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఇనుప బీరువా లోపల ఆ జిగురు ఏటేటా మెత్తబడి మళ్లీ గట్టిపడుతూ వచ్చింది.

నాయన షష్టిపూర్తి దగ్గరపడుతోంది. కొత్త ఆల్బం చేసి ఇద్దామని చెప్తే స్టూడియోవాళ్లు కరిజ్మా ఆల్బం చేయించుకోమన్నారు. అవి బాగానే ఉంటాయి, కాదనను. అయితే అందులో ఫొటో పేజీ మీదే అచ్చు అవుతుంది. మన చేతికి తగిలేది అచ్చయిన పేజీ, 1988 నాటి ఫొటో కాదు. నాకు కావలసింది వేరు. అసలు ఫొటోలే ఉండాలి, వాటి పక్కన అమ్మ చేతిరాత ఉండాలి, ఏ ఒక్క ఫొటోకూ జిగురు తగలకూడదు, రేపు ఎవరికైనా ఒక ఫొటో కావాలంటే చింపకుండా బయటికి తీయగలగాలి. ఈ మాట ఖాయం చేసుకున్నాక కాగితం మొదలు కుట్టు దాకా మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే జరిగాయి.

ముందు పాత ఆల్బం నుంచి ఫొటోలను విడిపించాలి. ఇది తొందరపడి చేసే పని కాదు. పేజీని వంచితే ఫొటో మీద పగుళ్లు వస్తాయి. అందుకని పేజీని బల్ల మీద చదునుగా పెట్టి, మెడికల్ షాపులో దొరికే, పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం తీసుకుని, ఫొటో మూల కింద దూర్చి, రెండు చివరలూ పట్టుకుని రంపం కోసినట్టు మెల్లగా అటూ ఇటూ లాగుతూ పోవాలి. దారం జిగురును కోసుకుంటూ పోతుంది, ఫొటో పైకి తేలుతుంది. మొండికేసిన చోట పేజీ వెనకవైపు నుంచి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో కాసేపు పెడితే జిగురు కొంచెం వదులుతుంది. ఈ పని మొదలుపెట్టే ముందే ప్రతి పేజీని ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేశాను, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున. ఫొటోకు ఏం జరిగినా బొమ్మ మిగలాలి కదా. ప్లాస్టిక్ మొహానికి అతుక్కున్న నాలుగైదింటిని విడదీయలేదు. వాటి చుట్టూ అట్టను కత్తిరించి అలాగే ఉంచి, స్కాన్ నుంచి కొత్త ప్రింట్లు వేయించాను.

నెగెటివ్‌లు అప్పట్లో స్టూడియోలోనే ఉండిపోయాయి. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. కాబట్టి మాకున్నవి ఈ ప్రింట్లు మాత్రమే. ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. కలర్ ఫొటోలన్నీ ఎర్రబారి ఉన్నాయి, బ్లాక్ అండ్ వైట్ గ్రూపు ఫొటో మాత్రం నిన్న కడిగినట్టుంది. ఆ కాలపు కలర్ ప్రింట్లలో రంగు మూడు పొరల్లో ఉంటుంది. వాటిలో నీలం వైపు ఉండే పొర చీకట్లో పెట్టినా ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగిలిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మను నిలబెట్టేది వెండి, అందుకే అది నిలిచింది. రంగు సరిచేసిన ప్రింట్లు వేయించమని తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎర్రబారినా అసలువే పెట్టాను, అమ్మ చీర రంగు తెలియాల్సిన ఒక్క ఫొటోకు మాత్రం సరిచేసిన ప్రతిని పక్కన పెట్టాను.

ఇక కాగితం. అనంతపురంలో టవర్‌క్లాక్ దగ్గర, పాతూరులో స్టేషనరీ షాపులన్నీ అడిగాను. పిల్లల ప్రాజెక్టు వర్కులకు వాడే చార్టులు, రంగు షీట్లు, మెరుపు స్టిక్కర్లు కావలసినన్ని ఉన్నాయి. కానీ యాసిడ్ ఫ్రీ, అంటే ఆమ్లం లేనిది అని ముద్రించిన కాగితం దొరకలేదు. న్యూస్‌పేపర్‌ను కొద్దిరోజులు ఎండలో వదిలేస్తే పచ్చబడి పెళుసెక్కుతుంది చూడండి, చౌక చార్టులూ అదే దారి పడతాయి. కట్టె గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం దానికి కారణం. చివరికి తమ్ముడు బెంగళూరు నుంచి ఇంటికి వస్తూ 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి మీగడరంగు షీట్లు తెచ్చాడు, 22×28 అంగుళాలవి. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11×14, ఒక్క పేలిక కూడా వృథా పోదు. పేజీకి వెడల్పు 14, ఎత్తు 11 పెట్టుకుని అడ్డంగా తెరిచే ఆల్బం చేద్దామనుకున్నాను.

ఆ ఆలోచనను మార్చింది పాతూరులో ఆఫీసు రిజిస్టర్లు బైండింగ్ చేసే ఒక పెద్దాయన. షీట్లు తీసుకుని ఆయన దగ్గరకు పోతే, మాట్లాడకుండా ఒక షీటు తీసుకుని ముందు పొడవు వైపు వంచాడు, తర్వాత వెడల్పు వైపు వంచాడు.

“చూడు తల్లీ, ఇట్ల వంచితే మెత్తగా వంగుతుంది, అట్ల వంచితే ఎదురు తిరుగుతాంది. కట్టెకున్నట్టే పేపరుకూ నార ఉంటాది. నార ఎట్ల పోతే కుట్టు అట్లే పోవల్ల. ఎదురుగా కుడితే పేజీ తిప్పినప్పుడల్లా ముడుసుకుంటాది.”

“అయితే అడ్డంగా తెరుచుకునేట్టు చేయలేమా అన్నా?”

“సేస్తే సేయొచ్చు. పదేండ్లకు ఇంకొకరు నా దగ్గరికి పట్టుకొస్తారు.”

ఆ షీట్లలో నార 28 అంగుళాల వైపు ఉంది. కాబట్టి కుట్టు 14 అంగుళాల వైపు రావాలి, ఆల్బం నిలువుగా ఉండాలి. అలాగే చేశాం. మీరు ఏ కాగితంతో చేసినా కత్తిరించే ముందు ఇలా రెండు వైపులా వంచి చూసుకోండి, చేతికే తెలిసిపోతుంది.

ఆయన నేర్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఒట్టి కాగితాలను దొంతరగా కుట్టి, తర్వాత ఫొటోలు పెడితే, కుట్టు వైపు సన్నగా, బయటివైపు లావుగా తయారై ఆల్బం మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది. బయటి అంచులన్నీ పైకి లేస్తాయి, అట్టలు లాగుతాయి. దీనికి మందు, ప్రతి రెండు పేజీల మధ్యా కుట్టు దగ్గర అదే కాగితంతో అంగుళంన్నర వెడల్పు పట్టీ పెట్టడం. ఫొటోల మందం ఎంతో పట్టీల మందం అంత ఉంటే పుస్తకం చదునుగా మూసుకుంటుంది. పట్టీ అంచు పక్కనే ప్రతి పేజీ మీద, కాగితం మడతలు నొక్కే ఎముక పలకతో ఒక గీత గట్టిగా నొక్కాడు. 300 జీఎస్ఎం కాగితం మందం కాబట్టి ఆ గీత లేకుండా సాఫీగా తిరగదు. గీత ఉంటే పేజీ తలుపులా తెరుచుకుని బల్ల మీద పూర్తిగా వాలుతుంది.

ఆయన దారంతో కుడతానన్నాడు. నేను ఇత్తడి స్క్రూలు కావాలన్నాను. షష్టిపూర్తి ఫొటోలు తర్వాత చేర్చాలి, కుట్టేస్తే విప్పలేం. స్క్రూ అయితే తిప్పి తీసి, పేజీ చేర్చి మళ్లీ బిగించుకోవచ్చు. ఆయన ఒప్పుకుని, పట్టీలతో సహా అన్నింటినీ దొంతరగా బిగించి మూడు రంధ్రాలు వేశాడు.

పై అట్టకు గుడ్డ ఏదన్న ప్రశ్నకు అమ్మే జవాబు చెప్పింది. ఆమె పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర మడతల దగ్గర చిరిగిపోయింది. పట్టు ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంబడి పగులుతుంది. అంచు మాత్రం నిక్షేపంగా ఉంది. చీర కోయడానికి నాకు చేతులు రాలేదు. అమ్మ మాత్రం “పెట్టెలో పెట్టి ఏం చేసుకుంటావు, కత్తెర ఇటీ” అని తానే కోసింది.

పట్టుగుడ్డను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు పైకి ఊరి మరకలవుతుంది. అందుకని ముందు గుడ్డకు వెనక పల్చటి కాగితం ఇవ్వాలి. గుడ్డను బోర్లా పరిచి, పిచికారీతో నీటి తుంపర్లు చల్లి ముడతలు సరిచేశాం. జిగురు గుడ్డకు రాయకుండా కాగితానికి రాసి, ఒక చివర నుంచి మెల్లగా దింపుతూ మెత్తటి బ్రష్‌తో గాలి బయటికి తోశాం. జరీ ఉన్న చోట గుడ్డ బరువుగా ఉంటుంది, అక్కడ కాగితం ఎత్తుగా లేస్తుంది. వేలితో అదుముతూ పోవాల్సి వచ్చింది. ఆరిన తర్వాత ఆ పట్టు కాగితంలా నిలబడింది, అప్పుడు అట్టకు చుట్టడం సులభమైపోయింది.

జిగురు సంగతి కూడా చెప్పాలి. బైండింగ్‌వాళ్లు మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. పై అట్ట వరకు అది సరే అన్నాను. లోపలి పేజీల కోసం మాత్రం మైలుతుత్తం లేకుండా ఇంట్లోనే చేసుకున్నాను. అది రాగి లవణం, కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసు చేస్తుంది. మైదా ఒక వంతు, నీళ్లు అయిదు వంతులు, సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే కాసేపటికి తెల్లదనం పోయి పారదర్శకంగా అవుతుంది. చల్లారాక గుడ్డలో వడకట్టుకోవాలి. రెండు రోజులకు మించి నిల్వ ఉండదు, ఏ రోజుది ఆ రోజే మంచిది. ఫెవికాల్ ఎందుకు కాదంటే, మైదా జిగురును తడిచేస్తే వదులుతుంది, రేపు ఎవరైనా బాగుచేయాలంటే వీలుంటుంది. ఫెవికాల్ ఆరిందంటే ఇక అంతే.

అట్టకు ఒకవైపు గుడ్డ అంటించి వదిలేస్తే జిగురు ఆరుతూ అట్టను ఆ వైపుకు లాగేస్తుంది. లోపలివైపు కూడా కాగితం అంటిస్తేనే రెండు లాగుళ్లూ సరిపోయి అట్ట నిటారుగా ఉంటుంది. రెండు చెక్కల మధ్య పెట్టి పైన మా రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టాం.

ఇప్పుడు అసలు పని, ఫొటోలను నిలబెట్టడం. బజారులో మూలలు స్టిక్కర్లుగా దొరుకుతాయి, కానీ వాటి గమ్ము ఏమిటో తెలియదు. మేం కాగితంతో చేసుకున్నాం. అర అంగుళం వెడల్పు, రెండు అంగుళాల పొడవు ఉన్న కాగితపు పట్టీ తీసుకోండి. మధ్యలో వేలు పెట్టి కుడిచేతి కొసను కిందికి, ఎడమచేతి కొసను కిందికి మడిస్తే పైన ఒక మొన తేలి, ఇంటి కప్పు ఆకారం వస్తుంది. వెనకవైపు రెండు తోకలు పక్కపక్కన ఆనుకుంటాయి. అడుగున మిగిలిన తోకలను కత్తిరిస్తే త్రిభుజాకారపు జేబు తయారవుతుంది, ఫొటో మూల అందులోకి దూరుతుంది. జేబు వెనకవైపు మాత్రమే జిగురు, అదీ ఆవగింజంత. నాలుగు మూలలూ ఫొటోకు తొడిగి, ఫొటోను అనుకున్న చోట పెట్టి, ఒక్కో మూలనూ అదిమితే సరి. ఫొటోకు ఊపిరాడేంత వదులు ఉండాలి. ఎండకు కాగితం ముడుచుకుంటుంది, వానకు సాగుతుంది, మరీ బిగించేస్తే ఫొటో మధ్యలో ఉబ్బుతుంది. ఈ మూలలు మడిచే పని మొత్తం మా పెద్దమ్మ మనవరాళ్లకు అప్పజెప్పాను. వాళ్ల వేళ్లు నా వేళ్ల కంటే చక్కగా తిరిగాయి.

పేజీకి రెండు ఫొటోలకు మించి పెట్టలేదు. మెరుపులు, ఎండుపూలు, లేసులు వేయలేదు. ఎండుపూలు చూడ్డానికి బాగుంటాయి గానీ పురుగును పిలుస్తాయి, మరక దింపుతాయి. శుభలేఖ మాత్రం పెట్టాలనిపించింది. దాని నాలుగు మూలలకూ పసుపు ఉంది, పక్క పేజీకి అంటుతుంది. అందుకని యాసిడ్ ఫ్రీ కాగితంతో ఒక కవరు మడిచి అందులో ఉంచాను. నిశ్చితార్థం తర్వాత నాయన అమ్మకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు కూడా ఇంకో కవర్లో ఉన్నాయి. వాటిని నేను చదవలేదు, అమ్మే మడిచి పెట్టింది.

ఎక్కువ కాలం పట్టింది పేర్ల దగ్గర. గుడి మెట్ల మీద తీసిన బ్లాక్ అండ్ వైట్ గ్రూపు ఫొటోలో నలభై మందికి పైగా ఉన్నారు. నాయన సగంమందిని గుర్తుపట్టాడు. మిగతావాళ్ల కోసం ఫొటోను పెద్దగా ప్రింటు వేయించుకుని జేజి (నాయనమ్మ) దగ్గరకు పోయాను. జేజికి చూపు తగ్గింది, మొహాలు సరిగా కనపడవు. ఆమె మనుషుల్ని పట్టింది నగలను బట్టి, చీరకట్టును బట్టి. “ఆ మూలనున్న పిల్ల మా సిన్నమ్మ కూతురే. ఆ కమ్మలు మాత్రం దానివి గాదు, నావి. పెండ్లికని ఇచ్చింటి” అంది. ఇలాంటి మాట ఏ స్కానింగూ చెప్పదు. అది కూడా రాసుకున్నాను, ఆల్బంలో ఆ ఫొటో కింద అలాగే ఉంది.

పేరు ఒక్కటే రాస్తే మా ప్రాంతంలో సరిపోదు. పెన్నహోబిలం స్వామి పెన్నోబులేసుడి పేరు పెట్టుకున్నవాళ్లు ఊరికి కొందరుంటారు, ఆ ఫొటోలో ఓబులేసులే ముగ్గురున్నారు. అందుకని ప్రతి పేరు పక్కన ఊరు, నాయనకో అమ్మకో ఏమవుతారో కూడా రాశాం. రాసే పద్ధతి ఇది. ఫొటో మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, తలల ఆకారాలు మాత్రం పెన్సిల్‌తో సన్నగా గీసి, ఒక్కో తలలో ఒక అంకె వేయాలి. గీసేది అసలు ఫొటో మీద కాదు, అదే సైజులో వేయించిన ప్రింటు మీద పెట్టి గీయాలి, లేకపోతే పెన్సిల్ ఒత్తిడి ఫొటో మీద పడుతుంది. ఆ ట్రేసింగ్ పేపర్‌ను ఆల్బంలో ఫొటో ముందు తెరలా పెట్టాను, ఎదురు పేజీలో అంకెల వరుసన పేర్లు. పల్చటి కాగితం లేపితే ఫొటో, దింపితే అంకెలు. ఆరుగురి దగ్గర అంకె ఉంది, పేరు లేదు. ఆ గళ్లు ఖాళీగానే వదిలాం.

ఫొటోల వెనక బాల్‌పెన్‌తో రాయకండి. ఒత్తిడి ముందువైపు తేలుతుంది, ఇంకు పక్క ఫొటోకు దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా ఏడాది, ఊరు రాస్తే చాలు. పేజీల మీద రాతకు పిగ్మెంట్ ఇంకు పెన్ను వాడాం. నీళ్లు తగిలినా చెదరదు, వెలుగుకు తొందరగా వెలిసిపోదు. రాత మొత్తం అమ్మది. మొదట “నా రాత బాగుండదు, కంప్యూటర్లో కొట్టించు” అంది. ఒక పాత కాగితం మీద రాయించి చూపిస్తే ఊరుకుంది.

ఫొటోలు పేర్చేటప్పుడు ఒకటి తేలింది. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో లేదు. గౌరీపూజ ఉంది, తర్వాత ఏకంగా తలంబ్రాలు ఉన్నాయి. అడిగితే అమ్మ చెప్పింది: “ముహూర్తానికి సరిగ్గా రీలు అయిపాయ. ఫొటో ఆయన కొత్త రీలు ఎక్కించేలోపల అంతా అయిపాయ.” రీలుకు 36 ఫొటోలే. కలర్ రీళ్లు కడిగించడానికి అప్పుడు బెంగళూరు పంపేవాళ్లని నాయన చెప్పాడు, అందుకే ఎవరూ విచ్చలవిడిగా తీయించేవాళ్లు కాదు. ఆ చోట వేరే ఫొటో సర్దేయొచ్చని చెల్లెలు అంది. నాకు ఆ పేజీ ఖాళీగానే ఉండాలనిపించింది. ఫొటో పట్టేంత మేర చుట్టూ సన్నటి గీత గీసి, లోపల ఆ క్షణం ఎలా ఉందో అమ్మనే రాయమన్నాను. తెర ఎత్తు తక్కువై నాయన పాగా కొస కనపడిందని, బెల్లం కరిగి జేజి అరచేతి మీదుగా కారిందని, పురోహితుడు గంట మోగించమని అరిచాడని రాసింది. నాయన అది చదివి, “పాగా కాదు, టవల్” అన్నాడు. దాన్ని కూడా కింద ఆయన చేతనే రాయించాను. ఆ ఆల్బంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన పేజీ అదే.

షష్టిపూర్తి రోజు ఓళిగలు, చిత్రాన్నం వడ్డనలయ్యాక ఆల్బం చాప మీద పెట్టాం. చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి అని ముందే చెప్పాను, అందరూ విన్నారు. అరవై దాటిన వాళ్లు నలుగురు దాని చుట్టూ చేరి, గ్రూపు ఫొటో దగ్గర ఆగి కదలలేదు. చిన్నాయనకు మా అబ్బ (తాత) ఫొటో కావాలట, ఆయన దగ్గర ఒక్కటి కూడా లేదు. రెండు మూలలను కొంచెం ఎత్తి ఫొటో బయటికి జార్చాను. పక్కనే ఉన్న మా తమ్ముడు ఫోన్లో స్కాన్ చేసి ఆయనకు పంపాడు. ఫొటో మళ్లీ లోపలికి పోయింది, మూలలు చెదరలేదు.

తర్వాత వారంలో స్క్రూలు విప్పి షష్టిపూర్తి ఫొటోలకు రెండు పేజీలు, రెండు పట్టీలు చేర్చాం. ఆల్బం ఇప్పుడు ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి, బీరువాలో పడుకోబెట్టి ఉంది. నిలబెడితే పేజీల బరువు స్క్రూల మీద పడుతుంది. కలరా ఉండలు దగ్గర పెట్టలేదు, ఆ ఆవిరి ఫొటోలకు, ప్లాస్టిక్‌కు మంచిది కాదు. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి తీసి గాలి తగలనిచ్చి, పురుగు జాడ ఏమైనా ఉందేమో పట్టీల సందుల్లో చూస్తాం. గ్రూపు ఫొటో ప్రింటు ఇంకొకటి వేయించి, అంకెల కాగితంతో సహా ఉరవకొండలో ఉన్న మేనత్తకు పంపాను. ఆ ఆరు గళ్లలో రెండింటికి పేర్లు వచ్చాయి.